తొట్టి దొర, నది పుట్టిన చోటు

బగమోయో రేవులో సాయంత్రం కాఫీవాడు వచ్చి అరుగు నిండితే చాలు, ఫెరూజీ నోటికి మూత ఉండదు. నది ఎక్కడ పుట్టిందో చూస్తానని బయల్దేరిన తొట్టి దొర వెంట కూలీలుగా వెళ్లినవాళ్లలో ఈ ఊరికి తిరిగొచ్చింది అతనొక్కడే. అందరూ నవ్వుకోవడానికి వస్తే, ముసలి సెలేమాని అల్లుడి కబురు కోసం వచ్చేవాడు. అల్లుడు ఉలేది కూడా ఆ దొర వెంటే వెళ్లాడు, మళ్లీ రాలేదు. పోయాడని కళ్లారా చూసినవాడు చెబితే తప్ప ఖాజీ ఇంకో మనువుకు ఒప్పుకోడు. కూతురు జోఖా పెళ్లామూ కాక, విధవా కాక ఇంట్లో ఎండిపోతోంది. ఆ దిగులు ముసలాణ్ని తినేస్తోంది.

"మా దొర పిచ్చి మీకేం తెలుసు," అని మొదలెట్టాడు ఫెరూజీ. "పొద్దున్నే నది నీళ్లు చప్పరించి, ఇది ముసలి నీరు, పసి నీరు పైనుంది పదండి అనేవాడు. అడవిలో కూడా స్నానానికి ఇనప తొట్టి ఉండాల్సిందే. అది ఉలేది మూట. ఓ రోజు దొర, ఉలేది అలిసిపోయాడు, కాసేపు నువ్వు మొయ్యరా అన్నాడు నాతో. నేనన్నా, దొరా, మనిషి బతికుండగా వాడి మూట ఇంకొకడు ఎత్తితే ఇద్దరికీ కీడు, మా రివాజది, కావాలంటే నువ్వెత్తుకో అని. కిక్కురుమనలేదు."

"నీకు దడిశాడన్నమాట," అన్నాడు కాఫీ పోస్తున్న ఫకీ.

"దడవడా మరి? ఆ తర్వాత ఏమైందో తెలుసా? జలపాతం అడ్డమొచ్చింది. ఒక్క అరుపు అరిచా, నీళ్లు జంకి నిలబడిపోయాయి, వాటి మీదే మెట్లెక్కినట్టు ఎక్కేశాం. పైన చూద్దును గదా, నది పుట్టిన చోటు నా అరచెయ్యంత లేదు! బొటనవేలు అడ్డం పెట్టా. అంతే, ఎక్కడో దిగువన మిసర్ దేశంలో నది ఎండి, సుల్తాను ఓడలన్నీ బురదలో కూలబడ్డాయి. దొర నా కాళ్లు పట్టుకుంటే అప్పుడు తీశా."

"అప్పుడు ఉలేది ఎక్కడున్నాడు?" అని సెలేమాని మామూలుగానే అడిగాడు.

"వాడికేం మామా, అక్కడి రాజు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వానలు వెనకబట్టగానే వస్తానన్నాడు."

ఏటా అదే మాట. ఆ మాట పట్టుకునే జోఖా వాకిట్లో కూర్చునేది.

ఫెరూజీ ఊపు తగ్గలేదు. తిరుగు దారిలో ఏనుగుపిల్ల దొరికిందట, దాన్ని తొట్టిలో కూర్చోబెట్టి, తొట్టి నెత్తిన పెట్టుకుని, మధ్యలో దించకుండా రేవుదాకా తెచ్చాడట. అరుగంతా పడీపడీ నవ్వింది.

సెలేమాని నవ్వలేదు. "ఉలేది మూట కదా, ఆ తొట్టి నీ నెత్తి మీదికి ఎప్పుడొచ్చిందిరా?"

ఫకీ చేతిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఫెరూజీ తలొంచుకుని అన్నాడు.

"ఉలేది నది పుట్టిన చోటిదాకా రానే లేదు మామా. చిత్తడి నేల్లోనే జ్వరమొచ్చి పోయాడు. నేనొచ్చిన రోజు జోఖా ఎదురొచ్చి నవ్వింది. ఎట్లా చెప్పను?"

"రేపు ఖాజీ దగ్గరికి రా," అన్నాడు సెలేమాని లేస్తూ. "అక్కడ ఏనుగు వద్దు."

ఇంటికి చేరేసరికి జోఖా వాకిట్లోనే ఉంది. "ఇవాళ ఏమన్నాడు నాన్నా?" అంటూ నవ్వింది.

ముసలాడు ఆమె పక్కనే వాకిట్లో కూర్చున్నాడు.

"వానలు వెనకబట్టాక వస్తాడటమ్మా," అన్నాడు.