కాల్చమన్న అట్ట

సికింద్రాబాదు మెజిస్ట్రేటు గారి ఎదుట, 1948 అక్టోబరు 11, సోమవారం నాడు నా చేత్తో రాసి ఇస్తున్న వాంగ్మూలం.

నా పేరు సువార్త. వయసు పందొమ్మిది. భర్త ప్రభుదాస్. ఇంటి పని చేసుకుంటాను. బోయిగూడలో కాపురం. మిషన్ బడిలో నాలుగో తరగతి వరకు చదివాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులు కూడా ఉంటాయి, క్షమించాలి. మగవాళ్ళ ముందు నాకు గొంతు రాదు. అందుకే రాస్తానని అడిగాను.

నా భర్త లాలాగూడ దారిలో ఉన్న రేకు పెట్టెల కార్ఖానాలో లెక్కల గుమాస్తా. ఏ రోజు ఎన్ని పెట్టెలు చేయాలి, దానికి ఎన్ని రేకులు కోయాలి, ఎవరిని ఏ పని మీద పెట్టాలి అని లెక్క కట్టి, పొద్దున్నే షెడ్డు ముందు నల్లబల్ల మీద రాయడం ఆయన పని. రజాకార్లకు బల్లెం మొనలు చేయించారని సెప్టెంబరు 27న ఆయనను పట్టుకుపోయారు.

రెండు రోజుల తర్వాత నన్ను ఠాణాకు పిలిచారు. ఇన్‌స్పెక్టరు నన్ను అడిగిన మాట ఇది: "కోత మిషను దినానికి అరవై పెట్టెల రేకు కోస్తది. నీ మొగుడు బల్ల మీద ఇరవై అయిదే రాసిండు. మిగిలిన పొద్దంతా మిషను ఏం కోసింది?"

దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. వానాకాలం రంగు ఆరదు. రంగు షెడ్డులో ఇరవై అయిదు పెట్టెలకే చోటు. అవి ఆరి బయటికి పోతేనే వేరేవి లోపలికి వస్తాయి. అరవై చేస్తే ముప్పై అయిదు బయట తుప్పు పడతాయి. పని అన్నిటికన్నా ఎక్కడ నెమ్మదిగా సాగుతుందో అక్కడి నుంచి దినం లెక్క కట్టాలని నా భర్త అంటారు. పోయిన ఏడు వానల్లో కూడా ఇరవై అయిదే. రంగు వేసే రాములును అడగండి. ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం నుంచి మిషను ఖాళీ అన్నది నిజమే. ఆ ఖాళీ ఎవరికి కావలసి వచ్చిందో రాస్తాను.

ఆగస్టు 22, ఆదివారం, గుడిలో ఆరాధన అయ్యాక కార్ఖానా మేనేజరు జకర్యా గారు మా ఇంటికి వచ్చారు. ఆయన మా సంఘపెద్ద కూడా. మా గడప తొక్కనే లేదని ఆయన మీకు ప్రమాణం చేసి చెప్పారట. తొక్కారు. మా మంచం మీద కూర్చున్నారు. చాయ్‌లో చక్కెర తక్కువైందని వెనక్కి ఇచ్చారు. మళ్ళీ చక్కెర వేసి ఇచ్చాను.

సంచిలో నుంచి ఒక అట్ట తీశారు. అడుగు పొడుగు, మొదట్లో నాలుగు అంగుళాల వెడల్పు, కొసకు మొన. మొదట్లో మేకులకు రెండు బెజ్జాలు.

"ప్రభుదాసూ, మన మిషను పగటేల నుంచి ఊకెనే ఉంటున్నది. పెట్టె అడుగుకు ఏసే మందం రేకుల గిసొంటివి ఎన్నొస్తయో జెర లెక్క జెప్పు" అన్నారు.

నా భర్త ఏమీ అడగలేదు. తలుపు వెనక నుంచి నేను అడిగాను. "ఇవి ఎందుకయ్యగారూ?"

"బడి కంచెకు బిడ్డా, మేకలు దుంకకుండ. నీ మొగుడే అడగలే, నువ్వడుగుతున్నవేంది? కార్ఖానల నౌకరి ఆయనదా, నీదా?"

ఆయన నవ్వారు. నా భర్త కూడా నవ్వారు. ఆ నవ్వు నేను మరచిపోలేదు.

నా భర్త సుద్దముక్కతో నేల మీద గీశారు. రేకు ఎనిమిది అడుగులు, నాలుగు అడుగులు. అన్నీ ఒకే తీరుగా పెడితే తొంభై ఆరు వస్తాయన్నారు. ఒకటి నిలువుగా, పక్కది తలకిందులుగా పెడితే నూట ఎనభై నాలుగు వస్తాయన్నారు.

"సొలొమోను తలకాయరా నీది!" అని జకర్యా గారు ఆయన వీపు తట్టారు. కొలతలు, లెక్క కాగితం మీద రాసుకుని, అట్ట మా ఇంట్లోనే మరచిపోయి వెళ్ళారు. ఆ గీతలు నేనే తుడిచాను.

సెప్టెంబరు 19, ఆదివారం. ఇండియా పటాలం ఊళ్ళోకి వచ్చిన మరుసటి రోజు. నా భర్త ఇంట్లో లేరు. జకర్యా గారు గుమ్మంలోనే నిలబడి, "బిడ్డా, ఆ అట్ట పొయ్యిల వడెయ్" అన్నారు. "అట్లనే అయ్యగారూ" అన్నాను. కాల్చలేదు. అనుమానం వచ్చి దాచిపెట్టానని కాదు. నా విసనకర్ర చిరిగిపోయింది. ఆ అట్టతోనే కుంపటి విసురుతున్నాను. అంతే.

నా భర్తను పట్టుకుపోయాక వచ్చిన ఆదివారం జకర్యా గారు గుడిలో నిలబడి, దారి తప్పిన సహోదరుడు ప్రభుదాస్ కోసం ప్రార్థన చేశారు. పేరు పెట్టి చేశారు. పక్కన కూర్చున్న రోసమ్మ, "నీ మొగుని పాపం మాకంటుతది, జెర అటు జరుగు" అంది. జరిగాను. ఆ రోజు నుంచి జకర్యా పేరు వెనుక గారు అని రాయడానికి నాకు చేయి రావడం లేదు. పైన రాసినవి అలవాటు కొద్దీ రాసినవి.

ఆ అట్ట దీనితో ఇస్తున్నాను. మొన మసిబారింది. మీరు పట్టుకున్న బల్లెం మొన మీద పెట్టి చూడండి, బెజ్జాలు కూడా చూడండి. అట్ట వెనక్కి తిప్పండి. ఒక గొర్రెపిల్ల తల, కాపరి చేయి కనిపిస్తాయి. అది ఆదివారపు బడి పిల్లలకు చూపించే పెద్ద బొమ్మలోది. గొర్రెపిల్ల కాళ్ళున్న మిగతా బొమ్మ గుడి బీరువాలో ఉంది. మొన్న శనివారం గుడి ఊడవడానికి వెళ్ళినప్పుడు బీరువా అద్దం తలుపులో నుంచి చూశాను. బీరువా తాళంచెవి జకర్యా మొలతాడుకే ఉంటుంది. ఇవాళ సాక్షిగా ఇక్కడికి వచ్చిన ఆయన తిరిగి ఇంటికి వెళ్ళకముందే బీరువా తీయించండి.

ఈ అట్ట చూపిస్తే నీ భర్తకూ కీడే అని మా ప్లీడరు అన్నారు. తెలుసు. జైల్లో కలిసినప్పుడు, అవి దేనికని ఆ రోజు జకర్యాను ఎందుకు అడగలేదని నా భర్తను అడిగాను. "కొలత ఇస్తే లెక్క చెప్పడం నా పని" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు, ఆయనకే చెప్పాను. లెక్క కట్టినందుకు ఎంత శిక్ష ఉందో అంతే వేయండి. కోయించిన వాడి శిక్ష కూడా ఆయన మీద వేయకండి.

ఇంకొక మాట. సెప్టెంబరు 29న ఠాణాలో ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పకపోయినా ఏదో రాసుకున్నారు. చదివి వినిపించలేదు. సంతకం వచ్చు అన్నాను. నా వేలు పట్టుకుని సిరాలో ముంచారు. అందులో నా మాట ఒక్కటీ లేదు. కాల్చవలసింది ఏదైనా ఉంటే ఆ కాగితం కాల్చండి. అట్టను కాల్చనివ్వకండి.

ఇందులో ఉన్నదంతా నేను కళ్ళతో చూసింది, చెవులతో విన్నది. పక్కన ఎవరూ కూర్చుని చెప్పలేదు. రాసిన తర్వాత రెండుసార్లు చదువుకున్నాను. వేలిముద్ర వేయడం లేదు.

(సంతకం)
సువార్త