ఫ్రిజ్ వైరు

నలార్‌బర్ మైదానంలో, మనిషి జాడలేని రోడ్డు పక్కన, పడకా ఫ్రిజ్జూ ఉన్న కారవాన్ బండి తగిలించిన కారు పొద్దున్నే మొరాయించింది. లోపల అరవై దాటిన మొగుడూ పెళ్ళామూ ఉన్నారు.

"మళ్ళీ తిప్పి చూడు."

"టిక్కుమంటోంది, అంతే. బ్యాటరీ మొత్తం దిగిపోయింది."

"రాత్రంతా ఫ్రిజ్ దీని మీదే నడిచిందా?"

"నిన్న నేనే వైరు లాగాగా. ఇంజను ఆపగానే కరెంటు ఆపేసే రిలే ఒకటి పెట్టాలి. తర్వాత పెడదాంలే అనుకున్నా."

"మహా పనిమంతుడివి! కారవాన్ పార్కులో ప్లగ్గు ఉంటుంది కదా, ఈ వైరెందుకు?"

"ఇక ఆ పార్కుల్లో ఆగక్కర్లేదనే! ఎక్కడ కావాలంటే అక్కడ పడుకోవచ్చు."

"నీకు కావాల్సిన చోట. నాకు మాట్లాడ్డానికి మనుషులు దొరికేది ఆ పార్కుల్లోనే. ఇల్లమ్మేసినప్పట్నుంచీ నేను చూసేది నీ మొహం, ఈ రోడ్డూ."

"నీకూ ఇష్టమే అనుకున్నా."

"ఎప్పుడైనా అడిగావా?"

"అడగలేదు... అదిగో, ఎదురుగా ట్రక్కొస్తోంది! చెయ్యూపు."

"ఊపుతా. నీ కారు స్టార్ట్ చేసిపెట్టమని అడుగుతా. నేను మాత్రం అతని బండెక్కి సెడ్యూనా పోతా, మా చెల్లి దగ్గరికి."

"మతి పోయిందా? మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

"తెలీదు."

"మరి నేనో?"

"వస్తే రా. దారిలో ఇంజను మాత్రం ఆపకు."

ట్రక్కు డ్రైవరు కేబుళ్ళు తగిలించగానే కారు స్టార్టయింది. ఆవిడ చేతిసంచీ తీసుకుని ట్రక్కెక్కింది. ఆయన కారవాన్‌ని మెల్లగా వెనక్కి తిప్పి, ఆ ట్రక్కు వెనకే పోనిచ్చాడు.