కుడి లోయర్ మీద గీత

“పంపించేస్తున్నారట! ఎమెట్, విన్నావా? ఇవాళ సాయంత్రమే అన్నయ్యని ఇంటికి పంపించేస్తున్నారట!”

“నిజంగా? ఫోన్‌లో ఎవరు, మీ అమ్మేనా?”

“అన్నయ్యే! మా లీఫ్ అన్నయ్యే స్వయంగా మాట్లాడాడు. చక్రాల కుర్చీలోనే అనుకో... అయినా ఇంటికే కదా! తొమ్మిది నెలలు ఆస్పత్రి గంజి తాగి, ఇవాళ అమ్మ చేసిన ఆపిల్ పై తింటాడు.”

స్పియర్‌ఫిష్ ఊరి చివర, కంకర పరిచిన ఓ ఆవరణలో, రాయిస్ అనే అతని షెడ్డు ముందు నిలబడి ఉన్నారు బ్రిట్టా, ఎమెట్. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. రాయిస్ అమ్ముతానన్న మోటార్‌సైకిల్ లోయర్లు, అంటే కాళ్లకి గాలీ వానా తగలకుండా ముందు బిగించే డొప్పలు, చూడ్డానికి వచ్చారు. కుక్కని కట్టేసి వస్తానని రాయిస్ లోపలికి వెళ్లాడు.

“ఏయ్, ఏడుస్తున్నావా?”

“నవ్వుతున్నా. రెండూ. అన్నయ్య మొదట ఏమడిగాడో తెలుసా? తన బండి పెట్రోలు టాంకు మిగిలిందా అని. నేను వేసిన రంగు కదా! అడవి చెర్రీ జామ్ రంగు కలిపి, అందులో నా గోళ్ల రంగు సీసా ఒంపేశా, బంగారు రజను ఉన్నది. అలాంటి బండి భూమ్మీద ఇంకోటి లేదని ఊరంతా చెప్పుకునేవాడు.”

“బావ టాంకు మన కొట్టంలోనే ఉందిగా.”

“సగం ఉంది. మిగతా సగం లోయలో రాళ్లకి... వద్దులే.”

“బావని తోసినవాడు ఎప్పటికైనా నా చేతికి దొరికితే—”

“వద్దన్నానా! నల్ల బండి, ఎడమ పక్కనుంచి వచ్చింది. అంతకుమించి అన్నయ్యకి గుర్తే లేదు. పోలీసులే చేతులెత్తేశారు. ఇవాళ మంచిరోజు, పాడు చెయ్యకు. లోయర్ల సంగతి చెప్పు. కొందామా, వద్దా?”

“వద్దు.”

“అంత ఠక్కునా?”

“ఇంజనుకి అటొకటి ఇటొకటి రెక్కల్లా అడ్డం నిలబడతాయి. జులైలో వేడి బయటికి పోదు. నా పిక్కలు బేకన్ ముక్కల్లా వేగుతాయి.”

“మరి అక్టోబరులో? వెనక కూర్చునేది నేను. నీ వీపు వెచ్చగా ఉంటుంది, అదో సంతోషమే. మోకాళ్లో? పెళ్లి మర్నాడు వానలో వెళ్లామా, దిగాక నా కాళ్లు నావేనా అని గిచ్చి చూసుకున్నా.”

“పక్కగాలి కొడితే బండిని అవతలికి నెట్టేస్తాయి బ్రిట్టా. పైగా ముసలాళ్లు పెట్టించుకుంటారు ఇవి. మావాళ్లు నవ్వుతారు.”

“నవ్వనీ. వాళ్లవి తడి సాక్సులు, మనవి పొడి సాక్సులు. ఎవరు నవ్వుతారో చూద్దాం.”

“ఏం, మొగుడూ పెళ్లాలకి ఇంకా తేలలేదా? రండి రండి. కుక్కని కట్టేశా. పోయినవారం ఒకడి పిక్క పట్టుకుంది. తప్పు వాడిదే, పరిగెత్తాడు. చూడు చెల్లెమ్మా, ఇదీ నా బండి, నా రాణి.”

“అబ్బ! నల్లగా నిగనిగలాడుతోంది రాయిస్ అన్నా! ఇంత బాగున్న లోయర్లు అమ్మడమేంటి?”

“ఎండలొస్తున్నాయి. నా కాళ్లకి ఓపిక లేదు. నాకూ లేదనుకో.”

“ఆ చేతికి కట్టేంటి?”

“మొన్న బార్‌లో ఒకడి పళ్లు. పిడికిలికి పళ్లు గుచ్చుకుంటే రాయి గుచ్చుకున్నదానికంటే ఎక్కువ చీము పడుతుంది, తెలుసా? ఏం తమ్ముడూ, అలా గోకి చూస్తావేం?”

“ప్లాస్టిక్కే కదా అని. రాయి తగిలితే పగిలిపోతుంది.”

“ప్లాస్టిక్కా? జరుగు. ఈ సుత్తి చూడు.”

“అయ్యో, కొట్టకు అన్నా!”

“కొట్టా. పగిలిందా? ఇదిగో, మళ్లీ. పగిలిందా?”

“సుత్తి వేరు, రోడ్డు వేరు.”

“నాకు రోడ్డు గురించి చెప్తున్నావా నువ్వు? ఇటు రా. కుడి లోయర్ మీద ఈ గీత చూడు. ఇది రాయి కాదు. మనిషి.”

“మనిషేంటి?”

“మనిషీ, వాడి బండీ. పోయిన ఆగస్టు, బైకుల ర్యాలీ జరిగే వారం. లోయ రోడ్డులో ఒకడు నా ముందు పోతున్నాడు, దారివ్వడు. హారన్ కొట్టా. ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. నన్ను! వంపులో వాడి పక్కకి చేరి, ఇదిగో, ఈ కుడి లోయర్‌తో వాడి కాలికీ టాంకుకీ కలిపి ఒక్కటిచ్చా. బస్తాలా ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు ఇంజను మోతలో కూడా వినపడింది. నా పిక్క మీద? గీత లేదు. లోయర్ అంటే అదీ తమ్ముడూ!”

“...ఆగావా అన్నా?”

“ఎందుకు? అద్దంలో చూశా. వాడి చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. నవ్వొచ్చింది.”

“బ్రిట్టా. వీడు—”

“ఎమెట్, నా హెల్మెట్ పట్టుకో.”

“బ్రిట్టా, వీడే—”

“రెండు చేతుల్తో పట్టుకో. నేను చెప్పేదాకా వదలకు. ఊఁ, అలా.”

“తమ్ముడికేమైంది? దవడ అదురుతోంది.”

“ఆకలన్నా. కొత్త పెళ్లికొడుకు కదా, వేళకి పడకపోతే ఆగలేడు. ఈ గీత ఇన్నాళ్లూ తుడవలేదేం?”

“పతకాన్ని ఎవడైనా తుడిచేస్తాడా?”

“ఎరుపూ కాదు, ఊదా కాదు... ఉండు, ఫోన్ లైటు వేస్తా. ...మెరుస్తోంది.”

“ఆఁ, రంగులో ఏదో రజను కలిపించుకున్నాడు పిచ్చోడు. ఆడపిల్ల గోళ్లలాగా.”

“ఔను. గోళ్లలాగే. ఫొటో తీసుకోనా? ఇంట్లో చూపించాలి.”

“తీసుకో, దానికేం!”

“నువ్వూ పక్కన నిలబడు. గీత మీద వేలు పెట్టు. నవ్వు అన్నా. ఇందాకటిలాగా నవ్వు... ఆఁ, వచ్చింది.”

“ఇంతకీ కావాలా వద్దా? తమ్ముడు వద్దనేలా ఉన్నాడే.”

“చెప్పు ఎమెట్. కావాలా, వద్దా?”

“...కావాలి.”

“ఇందాక వద్దన్నావుగా.”

“ఇప్పుడు కావాలి. బ్రిట్టా, ఈ హెల్మెట్ ఇంకెంతసేపు పట్టుకోవాలి?”

“ఇంటికెళ్లేదాకా.”

“సరే, స్పానర్ తెస్తా. విప్పి ఇచ్చేస్తా, పట్టుకుపోండి.”

“వద్దన్నా. విప్పకు, తుడవకు, బండికే ఉండనీ. రేపు పొద్దున కాఫీ వేళకి మా అన్నయ్యని తీసుకొస్తాం. తను చూడాలి.”

“మీ అన్నయ్యకి లోయర్ల గురించి తెలుసా?”

“ఎడమదాని గురించి తెలీదు. కుడిదాని గురించి బాగా తెలుసు.”

“అయితే రమ్మను. కుక్కని కట్టేసి ఉంచుతా.”

“కుక్క సరే అన్నా. గేటు నుంచి ఇక్కడిదాకా అంతా కంకరే కదా. కాసిని చెక్క పలకలు కూడా పరిచి ఉంచు. కుర్చీ చక్రాలు దిగబడతాయి.”