ఎనభై దాటని కారు

సోమందేపల్లెలో హైవే పక్కన తిప్పయ్య ఇంజను వర్క్స్. బోనెట్టు ఎత్తిన ఎర్ర కారు ముందు ముగ్గురు: దాన్ని నడిపే అభిలాష్, అతణ్ణి కన్న ఓబుళేసు, ఉగాదికి దాని ఇంజను దించి మళ్లీ ఎక్కించిన తిప్పయ్య.

“టైర్లు కాదన్నా. ఇంకొక్కసారి టైర్లంటే ఈ బోనెట్టుకే తల కొట్టుకుంటా.”

“కాదని నువ్వెట్లా అంటావప్పా అభిలాష్? నూటికి తొంభై వణుకులు టైర్లవే.”

“అనంతపురంలో బ్యాలెన్సింగు చేయించినా. సీసం ముక్కలు గూడా కొత్తవి కొట్టినారు. వణుకు అట్లనే ఉండాది.”

“కొట్టినోనికి చేతగాకపోయి ఉంటాది.”

“సరే తిప్పయ్యన్నా, నువ్వే చెప్పు. కారు ఇప్పుడు నిలబడుండాది. చక్రాలు తిరగడం లేదు. అవునా?”

“అవును.”

“న్యూట్రల్లో పెట్టి తొక్కితే వణుకుతాండాది. అవునా?”

“అవును, అయితే...”

“తిరగని టైరు ఎట్లా వణికిస్తాదన్నా?”

“అబ్బీ, పెద్దోనితో అట్లా మాట్లాడొచ్చునా? నువ్వు పుట్టకముందు నుంచి ఇంజన్లు విప్పుతాండాడు తిప్పయ్య.”

“మర్యాదగానే అడుగుతాండా నాయనా.”

“దిష్టి అయ్యుండొచ్చు గదా. ఎర్ర రంగు వద్దురా అంటే వింటివా? పోతాంటే ఊరూరంతా బయటికొచ్చి చూస్తాండాది.”

“నిమ్మకాయలు కట్టినావు. గుమ్మడికాయలు కొట్టినావు. ఈ కారు ముందర కొట్టిన గుమ్మడికాయలన్నీ వడియాలు పెట్టింటే సోమందేపల్లె ఏడాదంతా తినుండు. ఆ లోటా ఇట్లియ్యి.”

“ఏ లోటా?”

“నీ చేతిలో లోటానే. నీళ్లతో గూడా ఇయ్యి.”

“తాగే నీళ్లురా! ట్యాంకరు మొన్ననంగా వచ్చింది.”

“తాగేవే పెడతా. ఇంజను నెత్తిన పెడతాండా, చూడండి ఇద్దరూ. నేను సీట్లో కూచోని తొక్కుతా. ఇప్పుడు మెల్లగా ఆడుతాండాది. నీళ్లు కదిలినాయా?”

“లేదు.”

“ఇంజను తిరుగుడు చూపే సూది రెండు వేలు. ఇప్పుడు?”

“కొంచెం... అంచులో కొంచెం.”

“రెండున్నర.”

“ఒలికిపోతాండాయిరా! ఒరే, బంగారం మాదిరి నీళ్లు!”

“మూడు. చూసినావా తిప్పయ్యన్నా? ఇంగా పైకి పోతా, ఆడ చూడల్ల నువ్వు, ఆడ...”

“చాలు! చాలప్పా! ఆపు!”

“పైన చూడన్నా, ఒక్క...”

“చూసినా! ఆపమంటాండా గదా! ఇంజను చెడిపోతాది!”

“ఆపినా, ఆపినా. ఏమన్నా, నీ ఇంజను మాదిరి అరుస్తాండావు?”

“ఎవురి ఇంజనైనా ఇంజనే గదప్పా.”

“సరే, ఇంగ చెప్పు. క్లచ్చు తొక్కిపట్టినా వణికింది. గేరుబాక్సు కాదు.”

“ప్లగ్గులు...”

“నాలుగిట్లో ఒక్కొక్క దానికీ కరెంటు తీసి చూస్తివి, పొద్దున నా ముందరే. తీసినప్పుడల్లా ఇంజను కుంటె. నాలుగూ పని చేస్తాండాయని నువ్వే అంటివి.”

“అంటిని.”

“ఇంజను కింద రబ్బర్లు...”

“ఆఁ, రబ్బర్లు! రబ్బర్లు అయ్యుండొచ్చు.”

“ఉగాదికి నువ్వే కొత్తవి వేస్తివి గదన్నా.”

“నేనే వేస్తి.”

“బెల్టు పీకి పక్కన పెట్టినాం. ఏసీ తిరగలేదు, డైనమో తిరగలేదు. అయినా వణికింది. గేరు ఏదైనా గానీ, సూది అదే చోటికి వచ్చినప్పుడే వణుకుతాది. ఇంగ లోపల తిరిగేది ఏం మిగిలిందన్నా?”

“శానా ఉంటాయి.”

“ఒకటి చెప్పు.”

“క్రాంకు ఉంటాది.”

“అది! ఆ మాట నీ నోట్లోనుంచి రావడానికి పొద్దున్నుంచి కూచోనుండా.”

“క్రాంకంటే ఏందిరా?”

“పిస్టన్లు పైకీ కిందికీ దూకుతాయి గదా నాయనా, ఆ దూకుడును గుండ్రంగా తిప్పేది క్రాంకు. ఒక పక్క పిస్టన్ల బరువు, దానికి ఎదురుగా ఇనుప దిమ్మెలు. రెండూ సరితూగితే నున్నగా తిరుగుతాది. ఏమన్నా, నేను చెప్పింది తప్పా?”

“తప్పు లేదు. కావిడి మాదిరి. ఒక పక్క కడవలో నీళ్లు తగ్గితే మోసేటోడు ఊగుతాడు.”

“మరి నా కడవలో నీళ్లు యాడ పోయినాయి? కారు కంపెనీలోనుంచి వచ్చేటప్పుడే తూచి పెట్టింటారు. బెంగళూరులో ట్యూనింగు చేసినోడు గూడా తూచినాడు. ఉగాది ముందర నూటయాభైలో గూడా...”

“నూటయాభైయా!”

“అప్పుడు నాయనా. అప్పటి మాట. నువ్వు కూచో. తిప్పయ్యన్నా, ఉగాదికి ఇంజను దించింది ఎవురు?”

“నేనే.”

“ఆయిలు కారుతాండాదని ఇస్తి. బెంగళూరు వద్దు, మన తిప్పయ్యకే ఇద్దామని నాయన అంటే ఇస్తి. ఆయిలు ఆగింది. వణుకొచ్చింది.”

“నన్ను అనుమానిస్తాండావా?”

“లేదన్నా. నువ్వు ట్రాక్టర్లు, బోరుబండ్లు చూసే మనిషివి. తెలీక యాడన్నా తగిలించినావేమో. రేపు బెంగళూరుకు ఎత్తకపోతా. ఆడ క్రాంకును తిప్పి చూసే మిషనుండాది. ఏ దిమ్మెలో ఎంత తగ్గిందో అదే చెప్తాది.”

“ఎట్లా తగ్గిందో గూడా చెప్తాదా?”

“అది చెప్పడానికి మిషనెందుకు? విప్పితే కండ్లకే కనపడదా?”

“అబ్బీ, నీ ఫోను మోగుతాండాది చూడు.”

“హిందూపురం మనోళ్లు. ఈడ మాట సరిగ్గా వినపడదు, రోడ్డు కాడికి పోయి మాట్లాడొస్తా.”

“పోయినాడా ఓబుళేసన్నా?”

“పోయినాడు. వేపచెట్టు కాడ నిలబడినాడు.”

“తెలిసిపోయింది వానికి.”

“తెలీలేదు. తెలుస్తాదని అన్నాడు. అదీ ఇదీ వేరు.”

“బెంగళూరోళ్లు విప్పితే దిమ్మె మీద నా గ్రైండరు గీతలు కనపడతాయి. అరిగింది కాదు, గీకిందని చూసినోడు ఎవుడైనా చెప్తాడు.”

“తుప్పు పట్టిందని చెప్పు.”

“ఆయిల్లో మునిగిండే ఇనుము తుప్పు పడతాదా?”

“ఈ సీమలో అన్నీ నీళ్లు లేక చెడినాయి. ఇదొక్కటీ తేమకు చెడిందంటే వాడు సంతోషంగా నమ్ముతాడు.”

“నీకు ఎకసెక్కంగా ఉండాది. బోరుబండ్లోళ్లంతా నన్ను నమ్మి ఇంజన్లిస్తారు. తిప్పయ్య చేతికిస్తే గీకి పంపుతాడని తెలిస్తే ఈ షెడ్డులో కోళ్లు పెంచుకోవాల నేను.”

“నీ పేరు పోతే మళ్లీ వస్తాది. నా కొడుకు పోతే వస్తాడా?”

“ఆ మాట చెప్పే గదా నా చేత గీకించినావు.”

“ఏం తప్పు చేయిస్తి? వాళ్లమ్మ ఈశ్వరిని తినింది ఈ రోడ్డు. పాలకని రోడ్డు దాటిన మనిషి. గుద్దినోడు ఆపి దిగను గూడా లేదు. అదే రోడ్డు మీద వీడు కారు పందేలు ఆడతాండె. చెప్పినా. తిట్టినా. తాళం దాచిపెడితే ఇంకో తాళం చేయించుకునె. వీనికి పెట్రోలు పొయ్యొద్దురా అని బంకోనికి చెప్తే, వాడు నవ్వి రెండు లీటర్లు ఎక్కువ పోసె. ఇంగేం చెయ్యల్ల నేను?”

“కారు కొననియ్యకుండా ఉండాల్సింది.”

“ఎట్లా ఆపల్ల? వాళ్లమ్మ తన భూమి వాని పేరుతో రాసిపెట్టిండె. కార్ల ఫ్యాక్టరీకి ఆ భూమి పోయె, దుడ్లు వానికొచ్చె. ఆ భూమిలో నా జన్మంతా దున్నితే బస్తా శనక్కాయలు చూడకపోతి. వాడు ఒక్క సంతకంతో కారు పండించినాడు.”

“ఆ పంటకు నా చేత తెగులు పట్టించినావు.”

“ఎనభై దాటకుండా చెయ్యమంటి. చేసినావు. నీ కాళ్లకు దండం పెడతా తిప్పయ్యా. నిన్న వానితో పెనుకొండకు పోయొస్తి. ఎనభై దగ్గరికి పోతానే వణుకు మొదలాయె, వాడు కాలు తీసె. నా కండ్లతో చూస్తి. ఈశ్వరి పోయినప్పట్నుంచి నాకు నిద్ర పట్టింది ఈ ఉగాది తరవాతనే.”

“నాకు పోయింది ఉగాది తరవాతనే.”

“ఏం పోయింది?”

“నిద్ర. క్రాంకు అట్లా ఊగుతాంటే లోపల బేరింగులు అరుగుతాంటాయన్నా. యానాటికో ఇంజను పట్టేస్తాది. లేదంటే క్రాంకే విరుగుతాది.”

“విరగనీ. ఎనభైలో విరిగితే ఏమయితాది?”

“ఏం కాదు. కారు పక్కకు తీసి, దిగి, నన్ను తిట్టుకుంటాడు.”

“తిట్టుకోనీ. ఇంగేం మరి?”

“నూటనలభైలో విరిగితే చక్రాలు పట్టేస్తాయన్నా. అప్పుడు కారు నడిపేది వాడు కాదు.”

“నూటనలభై యాడ పోతాండాడప్పా? పోకుండా చేసింది నువ్వే గదా!”

“పోతే, అంటాండా.”

“పోడు. వాడు వణుకును ఓర్చుకోలేడు, వాళ్లమ్మ మాదిరే. ఎద్దులబండి ఎక్కినా కడుపులో తిప్పుతాండాదనేది.”

“నా మాట విను. మీ నాయన గీకమన్నాడు, నేను గీకితినని వానికి చెప్పేస్తాం. క్రాంకు నా దుడ్లతో మార్పిస్తా.”

“గీకిందాన్ని మళ్లీ అతికించరాదా, గుట్టుగా?”

“గీకిన ఇనుము అతకదు. మార్చల్ల.”

“మారిస్తే మళ్లీ నూటయాభై.”

“చెప్పి మారుస్తాం. నువ్వు వాని కోసం ఇంత దూరం పోయినావని తెలిస్తే ఆ పిల్లోడే తగ్గుతాడేమో.”

“తెలిస్తే వాడు నా మొగం చూస్తాడా?”

“చూడకపోతే ఏం? బతికుంటాడు.”

“ఇప్పుడు గూడా బతికే ఉండాడు గదా! ఎనభైలో బతికే ఉండాడు!”

“గట్టిగా అరవాకు. వస్తాండాడు. ఇదో, లోటా. కుండలో నీళ్లు ముంచినా. తాగుతాండట్ల కూచో.”

“ఏమి, ఇద్దరూ గుసగుసలు? నా పెండ్లి మాట్లాడుకుంటాండారా?”

“నీ ఇంజను మాటే అబ్బీ.”

“ఈ పొద్దుకు వదిలెయ్యి నాయనా. తిప్పయ్యన్నా, బెల్టు ఎక్కించు. మనోళ్లు కొడికొండ చెక్‌పోస్టు కాడ కాసుకోనుండారు, పోవల్ల.”

“కారు ఈడనే వదిలిపో అభిలాష్. క్రాంకు నేనే మార్పిస్తా. నా సొంత దుడ్లతో.”

“నీ దుడ్లెందుకన్నా? నువ్వేం చేసినావు?”

“నేనేం చేసినానంటే...”

“తిప్పయ్యా!”

“ఏంది నాయనా, ఆయన్ని చెప్పనీ.”

“ఏం లేదు. తిప్పయ్య మంచోడు, మనసు తట్టుకోలేక అట్లా అంటాండాడు. బెల్టు ఎక్కించు తిప్పయ్యా, పిల్లోడు పోనీ. అబ్బీ, మెల్లగా పో. ఎనభై దగ్గరికి వస్తానే కాలు తీసెయ్యి, నిన్న తీసినట్ల.”

“నిన్న నువ్వు పక్కన కూచోనుంటివి గదా, అందుకని తీస్తి. నాకెందుకు నాయనా ఈ రిపేరీ? నీ కోసమే గదా తెస్తి.”

“నా కోసమా?”

“నువ్వెక్కితే మెల్లగా పోవల్ల. డెబ్బై, ఎనభై. సరిగ్గా ఆడనే వస్తాది వణుకు. నిన్న నీ పండ్లు టకటకా కొట్టుకుంటాంటే నాకు ఒక మాదిరి అయ్యింది. ఇంత కారుండి నాయన సుఖంగా కూచోని పోలేకపోతాండాడే అని. నాకైతే ఇది లెక్కే కాదు.”

“లెక్క కాకపోవడమేందప్పా? కారు ఎనభై దాటదు గదా?”

“ఎవురు చెప్పినారన్నా? టాపు గేర్లో ఎనభైలో మొదలయితాది, నూటిరవైతో సరి. అది దాటితే ఇంజను చంటిబిడ్డ మాదిరి పడుకుంటాది. పైకి తొక్కుతా చూడమంటే నువ్వు చూడకపోతివి. నూటనలభైలో లోటా పెడితే నీళ్లు మెదలవు.”

“అబ్బీ...”

“ఉగాది ముందరైనా అప్పుడప్పుడు తొంభైలో, నూర్లో పోతాంటి నాయనా. ఇప్పుడు ఆ వణుకులో ఎవుడుంటాడు? ఎక్కినానంటే నేరుగా నూటనలభైకే, ఇంగ దిగేదే లేదు. బెల్టు పట్టుకోని అట్లా నిలబడితివేందన్నా, ఎక్కించు. ఏయ్, నాయనా, ఆ లోటా కింద పెట్టు, నీళ్లన్నీ పంచె మీద పోతాండాయి. ఇంజను ఎప్పుడో ఆపినాం గదా, నువ్వెందుకు వణుకుతాండావు?”