సగం కోసిన ఓడ

ఏంది చెల్లె, నా ఫోన్ల ఆ ఫోటో చూసి గట్ల ఆగినవ్? అది కట్టెతోని చేసిన ఓడ బొమ్మ. ఇంజన్లు లేని కాలంల తెరచాపల మీద నడిచిన లడాయి ఓడ. సొరకాయను నిలువుగ చీరితె గింజలు కనవడ్డట్టు లోపలియన్ని కనవడాలె అని ఒక దిక్కు గోడ పెట్టలే. బాలన్న చేసిండు. నువ్వు వాన్ని చూడలే, నువ్వు ఈ సౌదీకి, దమ్మామ్‌కు రాకముందే లీవుల ఇంటికి పోయిండు, ఆడనే గుండె ఆగింది. మా ఊరోడే. చిన్నప్పటి దోస్తు. ఒక్క ఏజెంట్, ఒక్క విమానం, క్యాంపుల ఒక్క పళ్ళెంల తిన్నం. కట్టె చెక్కే వడ్ల పనిల వాని చెయ్యి... ఏం జెప్పాలె. నా చెయ్యి గూడ తక్కువది కాదు, అది వేరే ముచ్చట. మీ మేడమ్ వంటింటి అల్మార్లు ఎవరు బిగించిన్రు మరి?

మాకు వీసాలిచ్చిన కఫీల్‌కు చుట్టాలను కూసోబెట్టే మజ్లిస్ ఉంటది గద, అండ్ల పెట్టెతందుకు చేయించుకున్నడు. లోపల అంతస్తులన్ని గీసిన బొమ్మ ఒకటి తెచ్చి బాలన్న ముంగట పెట్టిండు. నా ముంగట పెట్టలే. సరే తియ్. బాలన్న పనికెళ్ళి అచ్చినంక రోజింత చేస్తుండె. మనిషంత పొడుగు ఓడ. పైన తెరచాపల స్తంభాలు, తిప్పే చక్రం. దాని కింది అంతస్తుల ఫిరంగులు. ఫిరంగికి ఫిరంగికి నడుమ తాళ్ళకు వేలాడే బల్ల, దాని మీదనే తిండి. తిన్నంక బల్లను పైకి కట్టి, దూలాలకు గుడ్డ ఉయ్యాలలు తగిలించి ఆడనే పండుడు. ఒకని మోచెయ్యి ఇంకొకని మూతిల. "అరే, మన క్యాంపు రూమే గదరా ఇది" అని మస్తు నవ్వినం. వెనుక దిక్కు కప్తాన్ అర్ర, అద్దాల కిటికీలు, మేజ, కుర్చీ, దర్జా. ఇగ కిందికి పోతె, నీళ్ళ మట్టం కంటె కింద, గోడ పొంటి ఒక సందు. చీకటి సందు. అండ్ల ఒక్క సామాను పెట్టరాదట. ఎందుకంటె గుండు తాకి గోడకు బొక్కవడితె వడ్లోల్లు ఆ సందుల వడి ఉరికి, చెక్కముక్క కొట్టి బొక్క మూయాలె. లేకుంటె పైన కప్తాన్ అయితేంది, ఇంకెవడైతేంది, అందరు మునుగుడే.

అయితె బాలన్న ఏంజేసిండు, మిగిలిన కట్టెముక్కలతోని మా రూమోల్లందర్ని బొమ్మలు చెక్కిండు, వేలు కణుపంత. మాకు వంట చేసే పాకిస్తాన్ ఆఫ్తాబ్‌ను ఓడల పొయ్యి కాడ నిలవెట్టిండు. నన్ను కప్తాన్ అర్రల కుర్చీల కూసోబెట్టిండు. తను కింద సందుల, సుత్తె పట్టుకొని. వాని పక్కపొంటి స్వామి. ఆర్మూర్ దిక్కోడు, కట్టెను నున్నగ గీసే రంద సక్కగ పట్టరానోడు. ఆఫ్తాబ్ నా వీపు మీద చరిచి, "క్యా లింబాద్రి భాయ్, కప్తాన్ బన్ గయే, ఔర్ క్యా చాహియే" అంటడు. కప్తాన్‌వైనవ్, ఇంకేం గావాలె అని. "బాలా, నేను వడ్లోన్ని గానారా?" అన్న. వాడు రంద ఆపలే. "నువ్వు ఫోర్మన్‌వి గదరా. ఏసీ రూమ్ అచ్చె నీకు. ఆ సందుల నీకేం పని?" అన్నడు. కోపంగ గాదు, మంచిగనే అన్నడు. అదే నాకు వడలేదు.

ఫోర్మన్ చేస్తె వద్దంటరా ఎవరన్న? ఓడ పని నడుమల ఉండంగనే రూమ్ వేరే ఇచ్చిన్రు, పోయిన. పొద్దుమీకి వాల్ల రూమ్‌కు పోతె బయటికే నవ్వులు ఇనవడుతుండె. నేను లోపలికి పోంగనె బంద్. స్వామి లేసి మంచం దులుపుతడు, "కూసోండ్రి ఫోర్మన్ సాబ్". బాలన్న నాకు గ్లాసుల ఛాయ్ ఇస్తడు. వాల్లిద్దరు ఒక్క గిన్నెల తింటున్నరు. నా జాగల కూసున్నడు ఆ స్వామి. ఇప్పుడు వాల్ల ఊర్ల ఫర్నిచర్ దుకాణం పెట్టి బాలన్న పేరు రాయించిండు. ఏడాదికోసారి, బాలన్న పోయిన దినాన, వాట్సాప్‌ల వాని ఫోటో పెడతడు, 'మా అన్న' అని. వానికి ఎప్పటి అన్న?

మొన్న కఫీల్ పిలిచిండు, కొత్త ఇంటికి మారుతున్నరు, ఓడ తాళ్ళు సదురు అన్నడు. ఆ ఫోటో అప్పటిదే. మజ్లిస్‌ల ఎవ్వరు లేరు. కింది సందుల చెయ్యి పెట్టి స్వామిని మెల్లగ పీకిన. బాలన్న బొమ్మను మేకు మీద గుచ్చిండు, అచ్చింది. పైన నన్ను పట్టి లేపిన. లేవలే. చూస్తె కుర్చీ, నేను ఒక్కటే కట్టె. కూసున్నోన్ని చెక్కిండు, లేవరాకుంట. ఉలి చేతులనే ఉండె. కోస్తె కాళ్ళు తెగుతయ్. కుర్చీతోనే దింపుదామని చూసిన, ఆ సందుల పట్టలే. వంగి నిలవడెటోల్లకే ఆడ జాగ.

స్వామిని మల్ల ఆడనే పెట్టిన. మంచిగ పట్టిండు. బాలన్న భుజానికి భుజం తాకెటట్టు కొలిచి చెక్కిండు వాన్ని.

...హారన్ గొట్టుతున్నరు, మీ మేడమ్ అచ్చినట్టుంది. పో, గేటు తియ్.