గీత పడని మనిషి

హైదరాబాదులో కంప్యూటర్ చదివే తాండూరు పిల్ల, నిరుడు కరణ్‌కోట బీడులో తీసిన వీడియోలోని బొమ్మలను కాగితాల మీద అచ్చు వేయించి తెచ్చి, గొర్ల ఈరయ్య పెండ్లాం ముందు పరిచింది. ఈరయ్య పాణం పోయింది ఆ వీడియో తీసిన దినమే.

"గీ గీతలేంది బిడ్డా?"

"కంప్యూటర్‌కు చూసుడు నేర్పుతున్నం పెద్దమ్మా. కదిలేదే ముఖ్యమని చెప్పినం. దాని చుట్టు గీత గీస్తది. కదలనిదాన్ని నేల అనుకొని ఇడిచిపెడ్తది."

"గొర్లన్నిటికి గీసింది. గొంగడి కప్పుకొని బండకు ఆనుకున్న మా ఆయనకు లేదేంది? మనిషికన్న గొర్రె ఎక్కువనా దానికి?"

"పొద్దుగాల బొమ్మల ఆయనకు గూడ గీసింది. ఊకె కూసున్న మనిషైనా జర కదులుతడు గదా. గీ బొమ్మ చూడు. నువ్వు సద్ది తెస్తున్నవు. నీకు గీత ఉన్నది, ఆయనకు లేదు."

"అంటే?"

"అప్పటికే పాణం పోయినట్టుంది. నేను పక్కన కూసుంటే ఆయన బతికేటోడని ఏడాది సంది ఏడుస్తున్నవంట. నీ తప్పేం లేదు పెద్దమ్మా. గది చెప్పనీకే వచ్చిన."

ఆమె బొమ్మలోని గొంగడి మీద వేలు పెట్టింది.

"కూసుందామనే పోయిన బిడ్డా. ఎండ కొడుతది, ఇంటికి పో అన్నడు. మరి గా మాట ఎవలన్నరు?"