పుర్రచేతి పిడి

(తోలుపని షెడ్డులో సానరాయి దగ్గర మామగారు, కోడలు. కోడలి ఎడమ చూపుడువేలికి ఇంత లావు కట్టు. ఇద్దరిలో ఒక్కరూ వెనక్కి తగ్గే రకం కాదు.)

“ముట్టుకోకు! ఆ పట్టీ ముట్టుకోవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాలమ్మాయ్?”

“అబ్బ, తోలు పట్టీయే కదా మామయ్యా! నేను ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచీ ఆ మేకుకి ఊరికే వేలాడుతోంది. ఈ పిడికి చుట్టుకుందామని.”

“ఊరికే వేలాడనీ. నీకేం బరువు? పిడేంటి?”

“ఇదిగో. మొన్న, నిన్న కూర్చుని చెక్కాను.”

“కుట్లు పడ్డ వేలితోనా? డాక్టరు ఏమన్నాడు?”

“తడపొద్దన్నాడు. చెక్కొద్దనలేదు.”

“కట్టు కట్టాల్సింది వేలికి కాదు, నీ నోటికి.”

“ముందు చూడండి, తర్వాత తిడుదురుగాని. మన బెజ్జాల పంచ్ మొత్తం వేలెడు లేదు. నూనె చేతులతో దాన్ని మునివేళ్ళతో పట్టుకుని రాయి మీద దొర్లిస్తే, జారక ఏం చేస్తుంది? అందుకని పంచ్ తోకని పిడిలోకి దూర్చి, ఈ స్క్రూ బిగిస్తే ఇక కదలదు. వేళ్ళు ముందుకి జారకుండా ఇక్కడ ఈ గట్టు. బొటనవేలు ఆనడానికి ఈ గుంట. పదునుకీ వేలికీ మధ్య బెత్తెడు దూరం.”

“ఏదీ, ఇటివ్వు. ఊఁ, చెక్క గట్టిదే. ఎక్కడిది?”

“మీ కుర్చీ కాలు.”

“నా కుర్చీ విరగ్గొట్టావా!”

“విరిగిందే. నాలుగు నెలలుగా మూడు కాళ్ళతో గోడకి చేరగిలబడి ఉంది, మీరు బాగుచేస్తారని.”

“చేద్దామనే అనుకుంటున్నా... బెజ్జం తిన్నగానే వేశావు. గట్టు కూడా బాగానే... ఇదేంటి, చేతికి కుదరట్లేదు! నా బొటనవేలు ఇటుంటే నీ గుంట అటుంది. తిరగేసి చెక్కావమ్మాయ్. పాపం, రెండ్రోజుల పని వృథా.”

“వృథా ఏం కాదు. నా చేతికి సరిగ్గా కూర్చుంటుంది. ఈ చేతికి.”

“అది ఎడమ చెయ్యి.”

“తెలుసు. నాదే కదా.”

“ఈ షెడ్డులో పుర్రచేతి పని లేదని మొదటిరోజే చెప్పాను.”

“చెప్పారు. విన్నాను. మూడేళ్ళు విన్నాను. వింటే ఏమైంది? చేతకాని కుడిచేత్తో పంచ్ దొర్లిస్తే, అది ఎగిరి, రాయిని నొక్కిపట్టిన ఈ వేలిని కోసింది. మీ మాట విన్నందుకు ఆరు కుట్లు.”

“అందుకే చెప్తున్నా. రేపట్నుంచి బల్ల దగ్గర కూర్చోకు. జిగురు పని చూసుకో.”

“చూసుకోను.”

“ఏంటీ?”

“జిగురు డబ్బా మూత కూడా తియ్యను. బెజ్జాలు వెయ్యడం నా పని. ఆ బల్ల దగ్గర ఆ చోటు నాది. లేపాలంటే బల్లతో సహా లేపండి.”

“బెదిరిస్తున్నావా?”

“చెప్తున్నాను. ఇక కుడిచేత్తో సాన పట్టను. ఎడమచేత్తోనే పడతాను. మీకిష్టమైతే ఇక్కడ. లేదా, ఇంకో షెడ్డులో.”

“పక్కన కూర్చున్నవాళ్ళకి మోచెయ్యి తగుల్తుంది.”

“నా పక్కన కూర్చునేది మీరే. కాస్త జరగండి.”

“జరగాలట! చిన్నప్పట్నుంచీ ఈ చోట్లో పాతుకుపోయినవాణ్ణి, ఇప్పుడు జరగాలట! వేలు తెగడం ఈ పనిలో మామూలే. నాకు తెగలేదా? నేను ఏడ్చానా?”

“ఏదీ, చూపించండి.”

“ఏం చూపించాలి?”

“చేతులు. దాచుకుంటారేం? రెండూ ఇటు పెట్టండి. ఒకటి, రెండు, మూడు... అమ్మో, ఇది లోతుగా దిగింది. మొత్తం ఏడు గాట్లు. ఏడూ ఎడమచేతి మీదే.”

“రాయి పట్టుకునే చెయ్యి తెగదా మరి?”

“పక్క కొట్టు చెప్పుల మేస్త్రీకి ఎందుకు తెగలేదు? ఆయనా మీలాగే కుడిచేత్తో దొర్లిస్తాడు. నలభై ఏళ్ళ పని. ఎడమచేతి మీద ఒక్క గీత లేదు. నిన్న అడిగి మరీ చూశాను.”

“వాడి అదృష్టం.”

“ఆయనది కుడిచేతి వాటం.”

“వాడి వాటంతో మనకేం పని? పిడి సంగతి మాట్లాడు. నున్నగా ఉంది, చెమట పడితే జారుతుంది. రాయి మీద దొర్లించేటప్పుడు మణికట్టు మెత్తగా తిరగాలి. ఇలా... ఇలా... అంచు చుట్టూ ఒకే ఒత్తిడి. చూశావా? ఇలా వదిలెయ్యాలి, మళ్ళీ ఇలా... ఏంటా చూపు?”

“ఏం లేదు. కానివ్వండి. బాగా తిరుగుతోంది.”

“తిరగక? బొటనవేలు గుంటలో హాయిగా కూర్చుంది.”

“ఇందాక కుదరలేదన్నారు?”

“ఇందాక... ఇందాక వేరు.”

“ఏ చేత్తో పట్టుకున్నారో చూసుకోండి మామయ్యా.”

“ఏ చేత్తో ఏంటి, ఈ... అరెరె!”

“అయ్యో, కింద పడేశారేం! పగిలితే?”

“ఊరికే చూపించడానికి పట్టుకున్నా. ఏ చెయ్యి ఖాళీగా ఉంటే ఆ చెయ్యి.”

“తలుపు గడియకీ అంతేనా? దువ్వెనకి? అత్తయ్య చెప్పింది, నిద్రలో దోమని కూడా ఎడమచేత్తోనే కొడతారట.”

“మీ అత్తయ్యకి ఇంకో పనిలేదు.”

“మాట దాటెయ్యకండి.”

“దాటేస్తా. నా షెడ్డు, నా ఇష్టం.”

“అయితే దాటెయ్యండి. నేను మాత్రం దాటెయ్యను. నా చెయ్యి తప్పు చెయ్యలేదు. ఆ చేతికి తగ్గ పిడి ఎవరూ చెయ్యలేదు, అదీ తప్పు. అది నేనే చేసుకున్నాను. ఇక మీరు తిట్టినా, తరిమినా, ఈ చెయ్యి కట్టేసినా...”

“కట్టేస్తే ఏం చేస్తావు?”

“ఆఁ?”

“ఎడమ చెయ్యిని ఈ బల్ల కాలికి కట్టేస్తే. నీకు తొమ్మిదేళ్ళప్పుడు. పొద్దున కట్టి, అన్నానికి విప్పి, మళ్ళీ కట్టి. కుడిచెయ్యి దారికొచ్చేదాకా, రెండేళ్ళు. అప్పుడేం చేస్తావు? చెప్పు, నోరుందిగా?”

“ఎవరు కట్టారు మామయ్యా?”

“ఈ షెడ్డు ఎవరు కట్టారు?”

“మీ నాన్నగారు.”

“ఊఁ.”

“దేనితో... ఆ మేకు వైపు చూస్తున్నారేం? మామయ్యా! ఆ పట్టీయేనా?”

“మంచి తోలు. పాడుపనికి వాడాడు గానీ, తోలు మాత్రం మంచిది.”

“దాన్ని ఇన్నేళ్ళూ ఎదురుగా ఎలా పెట్టుకున్నారు? నేనైతే ఆ రోజే పొయ్యిలో పెట్టేదాన్ని.”

“మర్చిపోకూడదని పెట్టుకున్నా. ఇంకెవరికీ అలా చెయ్యకూడదని. చూస్తూ చూస్తూనే మర్చిపోయాను. నువ్వొచ్చిన మొదటిరోజు నీకేం చెప్పాను? ఈ షెడ్డులో పుర్రచేతి పని లేదని. అవి ఆయన మాటలేనమ్మాయ్. అక్షరం మార్చకుండా చెప్పాను. నీ వేలు నేనే కోశాను.”

“అంత మాట ఎందుకు...”

“ఏం నిలబడ్డావ్? తియ్యి దాన్ని.”

“ముట్టుకోవచ్చా?”

“ముట్టుకో. కత్తి తీసుకుని నిలువునా కోసెయ్యి, వేలెడు వెడల్పున. తడిపి గట్టిగా చుడితే ఇక జారదు. రెండు పిడులకీ సరిపోతుంది.”

“రెండేంటి మామయ్యా? నేను చెక్కింది ఒకటేగా?”

“కుర్చీకి ఇంకా మూడు కాళ్ళున్నాయిగా. నా చేతి కొలత తీసుకో. అబ్బ, ఆ చెయ్యి కాదమ్మాయ్... ఇది.”